రేవులో తూకం, సంద్రంలో లెక్క

తెల్లవారుజామున విశాఖ చేపల రేవులో బోట్లు వరసకట్టేసరికి గంపల మీద గంపలు గట్టుకు చేరుతుంటాయి. ఒక పక్క వేలం పాట, ఇంకో పక్క ఐసు మర చప్పుడు. ఆ సందట్లోనే నోటుపుస్తకం, పొడవు కొలిచే బద్ద పట్టుకుని బోటు నుంచి బోటుకు తిరిగే మనిషి ఒకరు కనిపిస్తారు. ఆయన కొనడానికి రాలేదు, అమ్మడానికీ రాలేదు. ఒక గంపలోంచి నాలుగు గుప్పెళ్ల కానగర్తలు తీసి, ఒక్కొక్కదాన్నీ బద్ద మీద పడుకోబెట్టి, మూతి కొస నుంచి తోక చివరి దాకా ఎంతుందో సెంటీమీటర్లలో రాసుకుంటారు. పద్నాలుగున్నర. పదహారు. ఇరవై ఒకటి. మళ్ళీ పదిహేను. గంపను యజమానికి అప్పగించి, బోటు ఎన్ని రోజులు వేటలో ఉంది, ఏ వల వేసింది, ఎన్నిసార్లు లాగింది అని అడిగి రాసుకుని పక్క బోటు దగ్గరికి వెళ్తారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్షేత్ర సిబ్బంది దేశ తీరమంతటా చేసే పని ఇది. సముద్రంలో చేప ఎంత మిగిలిందో మన దేశం చెప్పే మాటకు మూలం ఆ నోటుపుస్తకమే.

కానగర్తకు తెలుగుతో ఉన్న బంధం చాలామందికి తెలియదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త విశాఖ తీరంలో దొరికిన 200 రకాల చేపలకు బొమ్మలు వేయించి, జాలర్ల నోట విన్న పేర్లతో 1803లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ పుస్తకం ఆధారంగా ఫ్రెంచి శాస్త్రవేత్త కువియె 1816లో ఈ చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఈనాటికీ ప్రపంచమంతా దాని జాతి పేరును ‘కనగుర్త’ అనే రాస్తుంది. పేరు పెట్టి రెండు వందల ఏళ్లు దాటాయి. ఆ చేప కడలిలో ఎంత ఉంది, ఏటా ఎంత పట్టుకుంటే మరుసటి ఏడు తరగకుండా ఉంటుంది అన్న ప్రశ్న మీద మాత్రం వాదన ఇంకా తెగలేదు.

రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఆ వాదన ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2025లో విడుదల చేసిన సమీక్ష ప్రకారం ప్రపంచ సముద్రాల్లో లెక్కకు అందిన చేపల నిల్వల్లో 35.5 శాతం మితిమీరిన వేటకు గురవుతున్నాయి. మన పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి దేశం చుట్టూ 135 నిల్వలను పరిశీలించి 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని ప్రకటించింది. రెండూ నిపుణులు కష్టపడి తేల్చిన అంకెలే. కానీ ఏ చేపలను లెక్కలోకి తీసుకున్నారు, ఏ కొలబద్దతో కొలిచారు, దేన్ని ‘ఆరోగ్యం’ అన్నారు అని అడగకుండా ఈ రెంటిలో దేన్ని పట్టుకుని మాట్లాడినా పొరపాటే.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. 1883లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనలో థామస్ హెన్రీ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త, కాడ్, హెర్రింగ్ లాంటి పెద్ద వేటలకు అంతం లేదని, మనిషి ఎంత పట్టినా ఆ చేపల సంఖ్యకు లోటు రాదని చెప్పాడు. తెరచాప పడవలు, చేతి వలలు ఉన్న రోజుల్లో ఆ మాట నమ్మదగ్గదిగానే వినిపించింది. ఆవిరి ఇంజన్లతో ట్రాలర్లు వచ్చాక ఉత్తర సముద్రంలో ఆ నమ్మకం కొద్ది దశాబ్దాల్లోనే చెదిరిపోయింది. అప్పటి నుంచి లెక్క మొదలైంది.

ఆ లెక్కలో ఎక్కువ కాలం రాజ్యమేలిన భావన ‘గరిష్ఠ సుస్థిర దిగుబడి’. 1954లో అమెరికా శాస్త్రవేత్త మిల్నర్ షేఫర్ దానికి గణిత రూపం ఇచ్చాడు. 1957లో బ్రిటన్‌కు చెందిన బెవర్టన్, హోల్ట్ చేప పెరుగుదలనూ చావునూ విడివిడిగా కట్టి చూపే గట్టి పుస్తకం రాశారు. సారం రైతుకు తెలిసిందే. నిండిపోయిన చెరువులో చేపకు తిండి చాలదు, చోటు చాలదు, కొత్తగా పెరిగేది తక్కువ. మరీ ఖాళీ అయిన చెరువులో గుడ్లు పెట్టే తల్లులే లేవు, అక్కడా పెరిగేది తక్కువే. ఈ రెంటి నడుమ ఎక్కడో, షేఫర్ లెక్కలోనైతే వేట మొదలుకాకముందు ఉన్న నిల్వలో సగం దగ్గర, ఏటా కొత్తగా చేరే చేప అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. ఆ చేరిన మేరకే పట్టుకుంటే విత్తనపు గింజల జోలికి పోనట్టే.

కాగితం మీద ఇంతకంటే అందమైన ఆలోచన లేదు. చిక్కేమిటంటే, సముద్రం చెరువు కాదు. వేట మొదలుకాకముందు ఎంత చేప ఉందో చూసినవారెవరూ లేరు. ఏడాదికేడాది వానలు, ప్రవాహాలు, ఉష్ణోగ్రత మారిపోతాయి. పెరూ తీరంలో ఆంకోవెటా అనే నెత్తళ్ల జాతి చేప 1970 ప్రాంతంలో ఏడాదికి కోటీ 20 లక్షల టన్నులకు పైగా వలల్లో పడింది. ప్రపంచంలో అంత పెద్ద వేట ఇంకొకటి లేదు. 1972లో ఎల్‌నినో వచ్చింది, వేట ఆగలేదు, ఏడాది తిరిగేసరికి అదంతా కూలిపోయింది. 1977లో కెనడా శాస్త్రవేత్త పీటర్ లార్కిన్ గరిష్ఠ దిగుబడి భావనకు ఏకంగా సమాధి శాసనం రాస్తున్నానంటూ ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ భావన చనిపోలేదు. చేరవలసిన గమ్యంగా కాక, దాటకూడని గీతగా మారింది. నేటి నివేదికల్లో కనిపించే రెండు నిష్పత్తులూ దాని నుంచి వచ్చినవే. ఒకటి, ఉండవలసిన నిల్వతో పోలిస్తే ఇప్పుడు ఎంత ఉంది. రెండు, తట్టుకోగల వేట ఒత్తిడితో పోలిస్తే ఇప్పుడు ఎంత ఒత్తిడి పడుతోంది. మొదటిది సముద్రం పరిస్థితి చెబుతుంది, రెండోది మన ప్రవర్తన చెబుతుంది. రెండూ కలిపి చూడకపోతే, కోలుకుంటున్న నిల్వనూ కూలిపోబోతున్న నిల్వనూ వేరు చేయలేం.

లెక్క తప్పితే ఏమవుతుందో న్యూఫౌండ్‌ల్యాండ్ చూపించింది. ఈ కథ దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే కొలత గురించి నేర్చుకోవలసిన పాఠాలు దాదాపు అన్నీ అక్కడే ఉన్నాయి.

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో కాడ్ చేప మీద ఐదు వందల ఏళ్లుగా ఊళ్లకు ఊళ్లు బతికాయి. 1968లో ఐరోపా దేశాల ఫ్యాక్టరీ ఓడలతో కలిపి అక్కడి ఉత్తర కాడ్ వేట 8 లక్షల టన్నులు దాటింది. 1977లో కెనడా తీరం నుంచి 200 మైళ్ల వరకు తన హక్కు ప్రకటించుకుని విదేశీ ఓడలను పంపేసింది. ఇక శాస్త్రీయంగా కొలిచి, కోటా పెట్టి పట్టుకుందాం అనుకుంది. ప్రపంచంలోనే మంచి మత్స్య శాస్త్రవేత్తలు అక్కడ పనిచేశారు. వాళ్లు రెండు కొలతలు వాడారు. ఒకటి పరిశోధక ఓడ ఏటా ఒకే పద్ధతిలో వల వేసి చూసే సర్వే. రెండోది వ్యాపార ట్రాలర్లకు గంటకు ఎంత చేప పడుతోందన్న లెక్క.

ట్రాలర్లకు ఏటా బాగానే పడుతూ వచ్చింది. దాంతో నిల్వ పెరుగుతోందన్న అభిప్రాయం కుదిరింది. జరిగింది వేరు. కాడ్ చేప తగ్గేకొద్దీ మిగిలినవి కొన్నిచోట్ల గుంపులు కట్టాయి. ట్రాలర్ల దగ్గర సోనార్ ఉంది, అనుభవం ఉన్న కెప్టెన్లు ఉన్నారు. నేరుగా ఆ గుంపు మీదికే వెళ్లి వల దించేవారు. సముద్రంలో చివరి గుంపు మిగిలే దాకా కూడా గంటకు పడే చేప తగ్గకుండా కనిపించగలదు. తీరం దగ్గర చిన్న పడవల మీద వేటాడే జాలర్ల అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. చేప ఒడ్డుకు రావడం లేదు, వచ్చినవీ చిన్నవైపోతున్నాయని 1980ల మధ్య నుంచే వాళ్లు మొత్తుకున్నారు. 1986లో వాళ్ల సంఘమే డబ్బు పెట్టి వేరే శాస్త్రవేత్తలతో ప్రభుత్వ లెక్కను పరిశీలింపజేసింది. నిల్వను ఎక్కువగా అంచనా వేస్తున్నారని ఆ పరిశీలన తేల్చింది. ప్రభుత్వం పట్టించుకోలేదు.

1989 వచ్చేసరికి ప్రభుత్వ శాస్త్రవేత్తలే తమ లెక్క తప్పిందని గుర్తించి, కోటాను ఒక్కసారిగా లక్షా 25 వేల టన్నులకు కోయమన్నారు. అంతకుముందు ఏడాది కోటా 2 లక్షల 66 వేలు. అంత కోత పెడితే ఊళ్లలో ఉపాధి పోతుందన్న భయంతో మంత్రిత్వ శాఖ 2 లక్షల 35 వేల దగ్గర ఆగింది. 1992 జులై 2న మత్స్య శాఖ మంత్రి జాన్ క్రాస్బీ వేటను పూర్తిగా నిలిపివేశాడు. ఒక్క రోజులో సుమారు 30 వేల మంది పని పోయింది. రెండేళ్ల విరామం అనుకున్నది 32 ఏళ్లు సాగింది. 2024 జూన్‌లో మాత్రమే కెనడా ఆ నిషేధం ఎత్తివేసి 18 వేల టన్నుల చిన్న కోటాతో మళ్ళీ వ్యాపార వేటకు తలుపు తీసింది.

ఆ ఎత్తివేతకు ముందు జరిగిన సంగతి కూడా గమనించాలి. 2023లో అక్కడి శాస్త్రవేత్తలు పాత రికార్డులను చేర్చుకుని లెక్క కట్టే నమూనాను సవరించారు. ‘ప్రమాద రేఖ’ కిందికి జరిగింది. అంతదాకా ‘ప్రమాదం’ గడిలో ఉన్న నిల్వ, సముద్రంలో ఒక్క చేప అదనంగా పుట్టకుండానే ‘జాగ్రత్త’ గడిలోకి మారింది. ఆ సవరణకు శాస్త్రీయ కారణాలు ఉన్నాయి, దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ గీత ఎక్కడ గీశారన్నదే వేల మంది బతుకును తేలుస్తుందని దీన్ని మించి చెప్పే ఉదాహరణ లేదు.

మన సముద్రంలో కొలత ఇంకా కష్టం. కాడ్ లాంటి చల్లని నీటి చేపల చెవి లోపల ఉండే చిన్న రాయి లాంటి ఎముకను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, చెట్టు మొద్దులో వలయాల్లా ఏడాదికొక గీత కనిపిస్తుంది. చేప వయసు చెప్పేయొచ్చు. బంగాళాఖాతంలో శీతకాలం, ఎండకాలం మధ్య నీటి తేడా అంత ఉండదు కాబట్టి మన చేపల్లో ఆ గీతలు స్పష్టంగా పడవు. అందుకే ఇక్కడ వయసుకు బదులు పొడవు. రేవులో బద్ద పట్టుకుని తిరిగే మనిషి రాసుకునే పద్నాలుగున్నర, పదహారు, ఇరవై ఒకటి అనే అంకెలే నెలల తరబడి పేర్చితే, ఒక తరం చేపలు ఏ వేగంతో పెరుగుతున్నాయో, ఎంత వేగంగా చస్తున్నాయో లెక్క కట్టవచ్చు. ఈ పద్ధతిని 1980 ప్రాంతంలో కంప్యూటరుకు ఎక్కించినవారిలో ముఖ్యుడు డేనియల్ పాలీ. ఉష్ణమండల దేశాల మత్స్య శాస్త్రమంతా దాదాపుగా దాని మీదే నడిచింది.

ఇంకో కష్టం రకాల సంఖ్య. న్యూఫౌండ్‌ల్యాండ్ ట్రాలరు కాడ్ కోసమే వెళ్తుంది. విశాఖలో సోనా బోటు పది, పదిహేను రోజులు తిరిగి వచ్చిందంటే దాని ఐసు గదిలో రొయ్య, గులివింద, సావడాయి, చందువ, టేకు, పీత, పేరు తెలియని చిన్న చేపలు అన్నీ కలిసి ఉంటాయి. ఏ ఒక్క రకానికో కోటా పెట్టి దాన్ని మాత్రమే పట్టకుండా వదిలేయమంటే వలకు వినపడదు. పైగా ఒక్క ఆంధ్ర తీరంలోనే 2010 గణన నాటికి 555 మత్స్యకార గ్రామాలు, 353 దింపుడు రేవులు ఉన్నాయి. అన్నిచోట్లా రోజూ తూకం వేయడం సాధ్యం కాదు.

దీనికి మన పరిశోధన సంస్థ 1950లలోనే మొదలుపెట్టి మెరుగుపరచుకుంటూ వచ్చిన పద్ధతి చాలా తెలివైనది. నెలను పదేసి రోజుల ముక్కలు చేస్తారు. ఏ రేవుకు ఏ రోజు వెళ్లాలో చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. సిబ్బంది మొదటి రోజు మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా, మర్నాడు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం దాకా అక్కడ ఉంటారు. నడుమ రాత్రి దిగిన బోట్ల సంగతి అడిగి తెలుసుకుంటారు. పదిహేను లోపు బోట్లుంటే అన్నిటినీ చూస్తారు, మించితే కొన్నిటిని ఎంచుకుంటారు. అలా చూసిన కొద్దిదాని నుంచి రేవుకు, రేవు నుంచి మండలానికి, అక్కడి నుంచి దేశానికి అంచనా కడతారు. 1947లో పుట్టిన ఈ సంస్థ దశాబ్దాల తరబడి ఈ వరస తెగకుండా నిలబెట్టడం మామూలు విషయం కాదు. చాలా వర్ధమాన దేశాలకు ఇలాంటి రికార్డు లేదు.

అయితే ఆ రికార్డు చెప్పేది ప్రధానంగా రేవుకు వచ్చిన చేప గురించి. సముద్రంలో ఉన్నదాని గురించి చెప్పాలంటే అక్కడి నుంచి ఊహించాలి. ఒక రకం చేప గత మూడేళ్ల సగటు వేట, ఆ రకం చరిత్రలో అత్యధిక వేటలో 70 శాతానికి పైగా ఉంటే సమృద్ధి అని, 5 శాతం లోపుకు పడితే కూలిపోయినట్టని చెప్పే సత్వర అంచనా పద్ధతి ఒకటి మన దేశంలో వాడుకలో ఉంది. సమాచారం తక్కువ ఉన్నచోట అది ఉపయోగమే. కానీ దాని బలహీనత పైకే కనిపిస్తుంది. బోట్లకు పెద్ద ఇంజన్లు వచ్చి, ఒక రోజు వేట పదిహేను రోజుల వేటగా మారి, నలభై మీటర్ల లోతున వేసే వల వంద మీటర్లకు దిగితే తూకం తగ్గదు. పాత చోట ఖాళీ అయి కొత్త చోట పట్టినా తూకం అదే. వేట నిలకడగా ఉంది కాబట్టి నిల్వ నిలకడగా ఉందనుకుంటే, న్యూఫౌండ్‌ల్యాండ్ చేసిన తప్పే మనమూ చేస్తాం.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. దానికి సాక్ష్యం కేరళ నూనె కవళ్లు. 2012లో ఆ రాష్ట్రంలో దాదాపు 4 లక్షల టన్నుల కవళ్లు దిగాయి. 2021లో 3,297 టన్నులు. పేదవాడి చేప, బియ్యంలా రోజూ ఇంట్లో ఉండే చేప, ఒక దశాబ్దంలో నూటికి ఒక వంతు కంటే తక్కువకు పడిపోయింది. తూకమే కొలత అయితే ఆ ఏడాది కవళ్ల కథ ముగిసిందని రాయాలి. మరుసటి ఏడాదే లక్ష టన్నులు దాటి వచ్చాయి. కవళ్లు రెండు మూడేళ్లకు మించి బతకని చేప. తొలకరి వానలు, తీరం వెంట అడుగు నుంచి పైకి వచ్చే చల్లని నీరు, ఆ నీటిలో పెరిగే పచ్చని నాచు కణాలు, వీటిలో ఏది తప్పినా ఒక తరమే పోతుంది, కుదిరితే ఒక్క ఏడాదిలో పుంజుకుంటుంది. 2010 తర్వాత పిల్ల చేపలతో సహా మోతాదు మించి పట్టడం, ఆ వెంటనే 2015 ఎల్‌నినో రావడం, రెండూ కలిసి కొట్టిన దెబ్బ అని శాస్త్రవేత్తలు వివరించారు. ప్రకృతి వంతు ఎంత, వల వంతు ఎంత అని విడదీయగలిగితేనే ఆ కొలత పనికొస్తుంది. వాతావరణం మారుతున్న ఈ రోజుల్లో ఆ విడదీత అన్నిటికన్నా కష్టమైన పని.

మరి సామాన్యుడికి అర్థమయ్యే కొలత ఏదీ లేదా? ఉంది. జర్మనీ శాస్త్రవేత్త రైనర్ ఫ్రోస 2004లో మూడు ప్రశ్నలు చాలన్నాడు. పట్టిన చేపల్లో ఎన్ని ఒక్కసారైనా గుడ్లు పెట్టే ఈడుకు వచ్చాయి? ఎన్ని బాగా ఎదిగి, పట్టడానికి తగిన పొడవులో ఉన్నాయి? ఎన్ని పెద్ద తల్లి చేపలు? పెద్ద తల్లి చేప చిన్న తల్లి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గుడ్లు పెడుతుంది కాబట్టి, వేటలో అవి కనిపించకుండా పోవడం చెడు సూచన. ఈ మూడింటికీ కావలసింది ఒక బద్ద, చేప పొట్ట కోసి చూసే ఓపిక. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో తల పండిన జాలరిని అడిగితే ఈ మూడు ప్రశ్నలకూ శాస్త్రవేత్త కన్నా ముందే జవాబు చెబుతాడు.

కేరళ ఈ దారిలో మన దేశంలో అందరికన్నా ముందు నడిచింది. పరిశోధన సంస్థ సూచనతో 58 రకాల చేపలకు కనీస పొడవు నిర్ణయించి, అంతకంటే చిన్నవి పట్టడం నేరమని చట్టం చేసింది. కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానగర్తకు 14. ఇందులోనూ రాజీ ఉంది. ఆడ కానగర్త గుడ్ల ఈడుకు వచ్చేసరికి సాధారణంగా 14 కంటే కొన్ని సెంటీమీటర్లు పొడవే ఉంటుంది. జాలరి కడుపు కొట్టకుండా, చేప వంశం తెగకుండా మధ్యలో గీసిన గీత అది. అయినా గీత లేకపోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

ప్రపంచ స్థాయిలో వాదన ఇంకా వేడిగా సాగింది. 2006లో శాస్త్రవేత్త బోరిస్ వార్మ్ బృందం, పోకడ ఇలాగే ఉంటే 2048 నాటికి మనిషి వేటాడే సముద్ర జాతులన్నీ కూలిపోతాయని రాసింది. ప్రపంచ పత్రికలన్నీ ఆ సంవత్సరాన్ని పట్టుకున్నాయి. అందులో ‘కూలిపోవడం’ అంటే వేట, గరిష్ఠ వేటలో పదో వంతుకు దిగజారడం. వేట తగ్గడానికి చేప తగ్గడమే కారణం కానక్కర్లేదు, కోటా పెట్టినా తగ్గుతుందని మత్స్య శాస్త్రవేత్త రే హిల్‌బోర్న్ గట్టిగా ఎదురు నిలిచాడు. తర్వాత జరిగినది శాస్త్ర ప్రపంచానికే గౌరవం. పోట్లాడుకున్న ఇద్దరూ కలిసి కూర్చుని, సమాచారమంతా ఒకచోట పోసి, 2009లో ఉమ్మడి వ్యాసం రాశారు. గట్టి నియంత్రణ ఉన్న ప్రాంతాల్లో వేట ఒత్తిడి తగ్గుతోందని, నిల్వలు కోలుకోగలవని, అయినా చాలా నిల్వలు ఇంకా లోతులోనే ఉన్నాయని తేల్చారు. అట్లాంటిక్‌లో నీలిరెక్క ట్యూనా దానికి నిదర్శనం. 2010 ప్రాంతంలో కోటాను 13 వేల టన్నుల చుట్టుపక్కలకు కోసి, దొంగ వేట మీద నిఘా పెంచాక ఆ చేప తిరిగి వచ్చింది.

పాలీది వేరే ఫిర్యాదు. దేశాలు పంపే అంకెలే తప్పు అంటాడు ఆయన. చిన్న పడవల వేట, ఇంటికి పట్టుకెళ్లే చేప, సముద్రంలోనే పారబోసే చేప, దొంగ వేట ఇవేవీ వాటిలో ఉండవు. వాటినీ చేర్చి 2016లో తోటి శాస్త్రవేత్త జెల్లర్‌తో కలిసి ఆయన కట్టిన లెక్కలో 1996 నాటి ప్రపంచ వేట 13 కోట్ల టన్నులు. అధికారిక లెక్కలో అదే ఏడాది 8.6 కోట్లు. ఆయనే 1995లో ఇంకో మంచి మాట చెప్పాడు. ప్రతి తరం తన యవ్వనంలో చూసిన సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుంది, తాత చూసినది మనవడి లెక్కలోకి రాదు అని. గోదావరి జిల్లాల్లో ఒకప్పటి పులస చేపల కథ వినేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఐక్యరాజ్యసమితి సంస్థ కూడా తన కొలబద్దను 2025లో సరిచేసుకుంది. అంతదాకా ఐదు వందల లోపు పెద్ద నిల్వలనే చూసేది, ఇప్పుడు 2,570 నిల్వలను చూసింది. 1974లో మితిమీరిన వేటకు గురైనవి పదిలో ఒకటి, ఇప్పుడు మూడింట ఒకటికి మించి. అదే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది. నిల్వల సంఖ్యతో కాక దిగుబడి బరువుతో తూచితే 77.2 శాతం చేప సుస్థిర నిల్వల నుంచే వస్తోంది. మొదటి అంకె భయపెడుతుంది, రెండోది ధైర్యం చెబుతుంది. పెద్ద నిల్వలకు కాపలా ఉంది, చిన్న నిల్వలకు లేదు అని రెండూ కలిపి చదివితే అర్థమవుతుంది. చిన్న పడవల వాళ్లు బతికేది ఆ చిన్న నిల్వల మీదే.

చేప ఒక్కటే కొలిస్తే చాలదు. ఏటా జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కళేబరాలు కొట్టుకువస్తాయి. రొయ్యల కోసం లాగే ట్రాల్ వలల్లో అవి ఊపిరాడక చస్తాయి. వలలో తాబేలు తప్పించుకునే తలుపు లాంటి పరికరం అమర్చితే ఆ చావులు తప్పుతాయి. అది వాడని దేశాల నుంచి వేట రొయ్యలు కొనబోమని అమెరికా 1990లలో నియమం పెడితే, భారత్‌తో సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కాయి. 2019 నుంచి మన వేట రొయ్యలకు అమెరికా మార్కెట్ మూసుకుపోయింది. చెరువు రొయ్యలకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి భీమవరానికి దెబ్బ తగలలేదు, తగిలింది సముద్రానికి వెళ్లేవాడికి. రొయ్య నిల్వ ఎంత బాగున్నా తాబేలు లెక్క తప్పితే ఆ వేట సుస్థిరం కాదని బజారే తీర్పు చెప్పింది.

1997లో మొదలైన మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ముద్ర ఈ ఆలోచన మీదే నిలిచింది. నిల్వ, పర్యావరణం మీద ప్రభావం, నిర్వహణ అనే మూడూ నిగ్గు తేలితేనే ముద్ర పడుతుంది. మన దేశంలో ఆ ముద్ర మొదట పొందినది 2014లో కేరళ కొల్లం దగ్గర అష్టముడి సరస్సు గుల్లల వేట. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సంతాన కాలంలో అక్కడివాళ్లు వేట ఆపుతారు. అయితే ఈ పరీక్షకు అయ్యే ఖర్చు, కావలసిన కాగితాలు చిన్న జాలరికి అందుబాటులో లేవు. ముద్ర లేని ప్రతి వేటా చెడ్డదని అనుకోవడం అన్యాయం.

ఇక కొలతలో అందరూ చివరికి నెట్టేసేది మనిషిని. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో టోనీ పిచర్ బృందం దాదాపు పాతికేళ్ల కిందటే ఒక వేటను జీవ, ఆర్థిక, సామాజిక, సాంకేతిక, నైతిక కోణాలు ఐదింట్లోనూ తూచే పద్ధతి తయారుచేసింది. మన తీరానికి అది ఎంతో అవసరం. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద జాలరి పల్లెల మధ్య గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. రింగు వలతో ఒకే చుట్టులో గుంపు మొత్తం పట్టేస్తే, చిన్న వలల వాళ్లకు ఏం మిగులుతుందన్నది ఒక పక్షం వేదన. పెట్టుబడి పెట్టి కొన్న వలను ఎలా మూలన పడేస్తామన్నది ఇంకో పక్షం వేదన. ఆ రోజుల్లో రేవులో తూకం చూస్తే ఈ కథ కనిపించదు.

శ్రీకాకుళం కథ ఇంకా లోతైనది. సొంత తీరం ఉన్న జాలర్లు వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లి గుజరాత్ వెరావల్‌లో ట్రాలర్ల మీద కూలికి వేటాడతారు. అలా వెళ్లినవాళ్లే 2018 నవంబరులో పాకిస్తాన్ దళాలకు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై ఇంటికి చేరారు. ‘తండేల్’ సినిమాతో ఆ కథ తెలుగువారందరికీ తెలిసింది. ఒక తీరం తన జాలరిని నిలుపుకోలేకపోతే, అక్కడి నిల్వల పట్టికలో ఎన్ని ఆకుపచ్చ గళ్లున్నా ఆ వేటను సుస్థిరం అనలేం. వలస వెళ్తున్న మనిషి కూడా ఒక కొలతే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిలుపుతున్నాం. 2015కు ముందు అది 47 రోజులే. ఆ విరామానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఒక్కో కుటుంబానికి 20 వేల రూపాయల భృతి ఇచ్చింది. జాలరి రెండు నెలల కూలి వదులుకుంటున్నాడు, ప్రజల డబ్బు ఖర్చవుతోంది. దాని వల్ల ఏ చేప ఎంత మేర పెరిగింది, ఏ చేప గుడ్ల కాలం ఆ 61 రోజుల బయట పడుతోంది అన్నది జాలరికి లెక్క చెప్పి తీరాలి. ఏడాది చివర ఇన్ని లక్షల టన్నుల దిగుబడి అని పత్రికలకిచ్చే ఒక్క అంకె ఆ లెక్క కాదు.

కావలసినవి పెద్ద ఖర్చులు కావు. ప్రతి పెద్ద రేవులో ఒక బోర్డు ఉండాలి. ముఖ్యమైన పది రకాల చేపల సగటు పొడవు ఈ నెల ఎంత, పోయిన ఏడాది ఇదే నెల ఎంత, గుడ్ల ఈడుకు రానివి నూటికి ఎన్ని, ఒక బోటు ఎంత డీజిల్ కాల్చి ఎంత చేప తెచ్చింది అని దాని మీద తెలుగులో రాయాలి. ఈ అంకెల్లో చాలా భాగం ఆ బద్ద పట్టుకు తిరిగే మనిషి నోటుపుస్తకంలో ఇప్పటికే ఉన్నాయి. వాటితో పాటు, చేప ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో ఊళ్లలో పెద్ద జాలర్ల నోట ఏటా ఒకసారి విని రాసుకోవాలి. న్యూఫౌండ్‌ల్యాండ్‌లో ఐదు వందల ఏళ్ల వేట ఆగడానికి వినకపోవడం కూడా ఒక కారణం.

చేప కొనేవారు చేయగలిగింది ఒకటుంది. కానగర్తల బేరం ఆడేటప్పుడు చేతి జాన ఒకసారి చేప పక్కన పెట్టి చూడండి. జానకు మూడు వేళ్లు తక్కువైన చేపలే గంప నిండా ఉంటే, వాటిలో ఎక్కువ భాగం ఒక్క గుడ్డయినా పెట్టకుండా వలలో పడ్డాయని అర్థం. అవి కొనకండి. ఎందుకు కొనడం లేదో అమ్మే ఆమెకు చెప్పండి, ఆ మాట ఆమె నోట మర్నాటి వేలంలో బోటు యజమాని దాకా వెళ్తుంది.